రోజుకో సీటు

మా నాటకశాల పక్కగుమ్మానికి చిన్న పలక ఒకటి వేలాడుతూ ఉంటుంది. పొద్దున ఆరు కొట్టేసరికి దాని మీద సుద్దతో ఒక అంకె పడుతుంది. ఇవాళ యాభై ఏడు అయితే రేపు యాభై ఎనిమిది. పాలు తెచ్చే అతను, పేపరు వేసే ఆవిడ ఆ అంకె చూసుకుంటూ పోతారు. కొత్తవాళ్ళు మాత్రం అదేదో లాటరీ నంబరు అనుకుంటారు.

ఆ అంకె వేసేది సీట్ల బాబాయి. వేశాక తాళం తీసి, హాల్లో ఒక్క దీపం వెలిగించుకుని, ఆ అంకె ఉన్న సీటు దగ్గరికి వెళ్ళి కూర్చుంటాడు. కళ్ళు మూసుకుంటాడు. ముందుకి వంగుతాడు, వెనక్కి వాలుతాడు, ఆ పక్కకీ ఈ పక్కకీ ఒరుగుతాడు. తరవాత లేస్తాడు. మా సీట్లు మనిషి లేవగానే వాటంతటవే పైకి మడుచుకుంటాయి. అలా మడుచుకునేటప్పుడు అయ్యే చప్పుడు చెవి ఒగ్గి వింటాడు. కిర్రుమంటే జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసి మడతబందుకి రుద్దుతాడు. కిర్రుమనకపోతే సీటు అడుగున సుద్దతో ఒక టిక్కు పెట్టి, ఫ్లాస్కులో టీ తాగి ఇంటికి పోతాడు. రోజుకి ఒక్క సీటే. ఒకటో నంబరు నుంచి మూడొందల పద్దెనిమిది దాకా. అయిపోయాక మళ్ళీ ఒకటి.

మొదట్లో ఆయన్ని అలా కళ్ళు మూసుకుని కూర్చుని ఉండగా చూసి, జపం చేసుకుంటున్నాడేమోనని నేను కాలి చప్పుడు కూడా కాకుండా వెనక్కి తగ్గాను. సంగతి తెలిశాక అడిగాను. "జపమే అనుకో అమ్మాయ్. ఈ సీట్లో కూర్చోబోయే మనిషి నడుము కోసం" అన్నాడు నవ్వుతూ. నేను పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివినదాన్ని. పెద్ద పెద్ద మాటలు నాకు తెలియవు. కానీ మరొకరి నడుము కోసం కళ్ళు మూసుకోవడం జపం కాదని నేననలేను.

మా నాటకశాలకి తొంభై ఏళ్ళు. అందులో పద్నాలుగేళ్ళు మూతపడి పావురాల పాలయింది. దాన్ని పడగొట్టేస్తారని తెలిసి, ఈ వీధిలో ఉండే హెడ్మాస్టరమ్మ మునిసిపాలిటీ వాళ్ళ చుట్టూ తిరిగి తాళంచెవి సంపాదించారు. సంపాదించి ఇంటింటికీ వచ్చి, "చీపురు ఉందా? అయితే రండి" అన్నారు. అలా చీపుళ్ళతో వెళ్ళినవాళ్ళమే ఇప్పటికీ దాన్ని నడుపుతున్నాం. జీతాలు లేవు. తెరలు, దుస్తులు టైలరు అన్నయ్య చూస్తాడు. ముసలి వేషాలన్నీ పోస్ట్‌మ్యాన్ తమ్ముడివి. బడిలో ఆయాగా చేసి మానేసిన నేను టికెట్ల కిటికీలో కూర్చుంటాను.

సీట్ల బాబాయి వచ్చిన తీరు వేరు. ఆయన ముప్ఫై నాలుగేళ్ళు బస్సుల షెడ్డులో సీట్లు బిగించే పని చేశాడు. రిటైరై ఇంటికొచ్చాక రెండు నెలలు గోడగడియారం వైపు చూస్తూ కూర్చున్నాడట. పిన్ని, అంటే ఆయన భార్య, తట్టుకోలేక హెడ్మాస్టరమ్మ దగ్గరికి వచ్చింది.

"ఈయన్ని ఎక్కడైనా కూర్చోబెట్టండమ్మా. మా గడియారం సిగ్గుపడుతోంది."

"మా దగ్గర మూడొందల పద్దెనిమిది సీట్లున్నాయి. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోమను" అన్నారు హెడ్మాస్టరమ్మ.

ఆవిడ హాస్యానికి అన్నారు. బాబాయి ఆ మాట నిజంగానే తీసుకున్నాడు.

ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఆయనకి కంఠతా వచ్చు. నలభై ఒకటిలో కూర్చునే పొట్టి అవ్వకి కాళ్ళు నేలకి అందవని కింద చిన్న పీట బిగించాడు. రెండొందల పన్నెండు పక్కన కొక్కెం ఒకటి పెట్టాడు. మోకాలు వంగని కండక్టరు గారి చేతికర్ర తగిలించుకోవడానికి. భార్య పోయిన మాస్టారు ఒకాయన అలవాటు కొద్దీ ఇప్పటికీ రెండు టికెట్లు కొంటారు. ఆయన పక్క సీటు మడిచి ఉంటే ఏం బాగుంటుందని, ఆట మొదలయ్యే ముందు బాబాయి ఒక ఇటుకని శుభ్రమైన తువ్వాల్లో చుట్టి ఆ సీటు మీద పెట్టి కిందికి దించి ఉంచుతాడు. మాస్టారు ఆ తువ్వాలు వంక ఒకసారి చూసి, తన సీట్లో సర్దుకుంటారు. ఇద్దరూ దాని గురించి ఏనాడూ మాట్లాడుకోలేదు.

ఇక అసలు సంగతి. ఆ ఏడాది పలక మీద తొంభై ఆరు పడిన రోజున నేను వెనక వరుసలో ఊడుస్తున్నాను. బాబాయి లేచాడు. సీటు పైకి మడుచుకుంటూ, తోక తొక్కిన ఎలకలా కీచుమంది. నేను ఉలిక్కిపడ్డాను. బాబాయి మాత్రం తృప్తిగా తల ఊపి, సీటు అడుగున టిక్కు పెట్టి, టీ పోసుకున్నాడు.

చీమ చిటుక్కుమంటే వినే మనిషి!

ఆ సాయంత్రం పిన్నిని కదిపాను. "కుక్కరు ఎన్ని ఈలలు వేసిందండీ అంటే, వేస్తే చెప్తాలే అంటున్నారు. అప్పటికి ఆరు వేసింది" అని నవ్వబోయి కళ్ళు ఒత్తుకుంది. "ఆయనకి చెప్పొద్దే. చెవి సంగతి ఆయనకీ తెలుసేమో, నాకు తెలియదనుకుంటున్నారు."

చెప్పడానికి నాకూ నోరు రాలేదు. ఎందుకంటే ఒకసారి బాబాయి నాతో అన్న మాట మనసులో ఉండిపోయింది. "సీటు మాట నాకు వినపడని రోజున ఈ తాళంచెవి నీ చేతిలో పెట్టి వెళ్ళిపోతాను అమ్మాయ్. పని చెయ్యలేనివాడు పనివాళ్ళ మధ్య కూర్చోకూడదు." వెళ్ళిపోతే ఆయనకి మిగిలేది ఆ గోడగడియారమే కదా.

అందుకని ఒక పని చేశాను. బాబాయి టీ తాగి వెళ్ళిపోయాక ఆ రోజు సీట్లో నేను కూర్చుని లేచేదాన్ని. కిర్రుమంటే మడతబందులో నూనె చుక్కలు వేసేదాన్ని. ఇంట్లో ఉన్నది తలనూనె. అదే చిన్న సీసాలో పోసుకుని కొంగున దాచుకుని తెచ్చేదాన్ని. వాన నీళ్ళు కారి తుప్పు పట్టిన వరుస ఒకటుంది, ఏడోది. దానికి ఇంకాస్త ఎక్కువ వేశాను. దేవుడా, ఇది అబద్ధం కిందికి వస్తే ఆ పద్దు నాకే రాసుకో, ఆయనకి రాయకు అని రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని.

అలా మూడు నెలలు దాటింది. పలక మీద రెండొందల మూడు పడింది. ఆ రోజే, ఆదివారం మధ్యాహ్నం, మా తొంభయ్యో ఏటి నాటకం. హాలు కిటకిటలాడింది. నాటకం మొదలైన పావుగంటకే ఇంటి పెద్ద చనిపోతాడు. ఆ ముసలి తండ్రి మన పోస్ట్‌మ్యాన్ తమ్ముడే. మంచం మీద పడుకుని, కూతురి చెయ్యి పట్టుకుని, చివరి మాట చెప్పి తల వాల్చేశాడు. కూతురి వేషం వేసిన ఆసుపత్రి నర్సమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. హాలంతా ముక్కులు చీదుకుంటోంది. నేను తలుపు దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నాను.

సరిగ్గా అప్పుడే ఆలస్యంగా ఒక జంట వచ్చింది. వాళ్ళ సీట్లు ఏడో వరుసలో గోడ వైపు చివరవి. వాళ్ళకి దారి ఇవ్వడానికి ఆ వరుసలో ఎనిమిది మంది ఒకరి తరవాత ఒకరు లేచారు.

మొదటాయన లేవగానే సీటు రెక్కలొచ్చినట్టు ఎగిరి వెనక చెక్కకి తగిలింది. ఠాప్!

రెండో ఆయన. ఠాప్! మూడు. ఠాప్!

మంచం మీది శవం మొదటి చప్పుడికి ఉలిక్కిపడింది. నాలుగో దానికి ఒక కన్ను తెరిచింది. ఎనిమిదోది మోగాక ఇక ఉండబట్టలేక లేచి కూర్చుంది.

"ఎవరండీ తలుపు కొట్టేది?"

నర్సమ్మ ఏడుపు ఆపలేదు. ఏడుస్తూనే ఆయన్ని భుజం పట్టి వెనక్కి నెట్టింది. "ఎవరూ లేరు నాన్నా, పడుకోండి. మీరు పోయారు."

నాటకశాల కట్టినప్పటి నుంచి ఆ గోడలు అంత నవ్వు విని ఉండవు. పొట్టి అవ్వ పీట మీద కాళ్ళు టపటపా కొట్టింది. రెండు టికెట్ల మాస్టారు పక్కసీటు తువ్వాలు తీసుకుని కళ్ళు తుడుచుకున్నారు. నవ్వు సద్దుమణిగి నాటకం ముందుకు సాగడానికి ఐదు నిమిషాలు పట్టింది. జనం మాత్రం ఆ రోజుకీ ఈ రోజుకీ అది నాటకంలో ఉన్నదే అనుకుంటున్నారు.

నవ్వనిది బాబాయి ఒక్కడే.

ఆట అయిపోయి జనం వెళ్ళిపోయాక, మేము వెళ్ళేసరికి ఆయన ఏడో వరుసలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ప్రతి సీటు వెనకా చప్పుడు కాకుండా మందపాటి ఉన్నిగుడ్డ ముక్క ఒకటి జిగురుతో అంటించి ఉంటుంది. అవి ఎనిమిదీ ఊడి కింద పడి ఉన్నాయి. నూనె కారి కారి, జిగురు కరిగి, జారిపోయాయి. అందుకే ఆయన ఎప్పుడూ నూనె ముట్టుకునేవాడు కాదని, కొవ్వొత్తి ముక్కే వాడేవాడని, నా మట్టిబుర్రకి అప్పుడు తట్టింది.

బాబాయి మడతబందులో వేలు పెట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మల్లెపూల వాసన. ఇది తలనూనె."

నేను తల దించుకున్నాను. "నేనే బాబాయ్."

పక్క సీటులో వేలు పెట్టాడు. "ఇది కుట్టుమిషను నూనె."

టైలరు అన్నయ్య నీళ్ళు నమిలాడు. "అదీ... తెర కుట్టడానికి వచ్చినప్పుడు... ఒక్క రెండు చుక్కలు..."

"ఇది నల్లగా ఉంది."

"సైకిల్‌ది బాబాయ్" అన్నాడు పోస్ట్‌మ్యాన్ తమ్ముడు, మొహాన ముసలి గడ్డం ఇంకా వేలాడుతుండగా. "రిహార్సలుకి ముందర వేసేవాణ్ణి. నేనొక్కణ్ణే అనుకున్నాను."

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అందరం కిర్రు విన్నాం. అందరం బాబాయికి చెప్పలేకపోయాం. ఎవరికి వాళ్ళం దొంగతనంగా అవే సీట్లకి నూనె పోశాం!

"ఇంకెవరైనా ఉన్నారా?" అని హెడ్మాస్టరమ్మ తరగతిలో అడిగినట్టే అడిగారు.

వెనకనించి పిన్ని చెయ్యెత్తింది.

"నువ్వు కూడానా!" అన్నాడు బాబాయి.

"మీరు మర్చిపోయిన ఫ్లాస్కు కోసం వచ్చినప్పుడల్లా... వంటనూనె" అంది పిన్ని. "మీరు బాధపడతారని."

బాబాయి మోకాళ్ళ మీంచి లేచాడు. చేతులు తుడుచుకున్నాడు. అప్పుడు నెమ్మదిగా అడిగాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"తొంభై ఆరు నుంచి" అన్నాను.

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "నూట ఎనిమిది సీట్లు. నూట ఎనిమిది అబద్ధపు టిక్కులు పెట్టానన్నమాట." తరవాత చిన్నగా నవ్వాడు, కానీ అది నవ్వులా లేదు. "ఇవాళ ఎనిమిది ఠాపులూ మాత్రం నాకు బాగా వినిపించాయమ్మా. ఈ మధ్య ఇంత స్పష్టంగా ఏదీ వినలేదు."

జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. నేను వద్దనేలోపు పిన్ని చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం పలక మీద రెండొందల మూడే ఉంది. మంగళవారం కూడా అదే. పాలతను ఆగి, "బాబాయి గారికి ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడు. పేపరావిడ రెండుసార్లు అడిగింది. నాకు అన్నం సహించలేదు. బుధవారం పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

పిన్ని తలుపు తీసి, లోపలికి చూపు విసిరి గొంతు తగ్గించింది. తగ్గించాల్సిన అవసరం లేదని గుర్తొచ్చి మళ్ళీ పెంచింది. "మా ఇంట్లో ఉన్న నాలుగు కుర్చీలనీ రెండేసిసార్లు పరీక్ష చేసేశారు. నిన్న సాయంత్రం స్టూలు కూడా అయిపోయింది. ఇక నన్నే కూర్చోబెట్టి చూస్తారేమో!"

బాబాయి గోడగడియారం ఎదురుగా కూర్చుని ఉన్నాడు. "తాళంచెవి ఇచ్చేశాను కదా అమ్మాయ్. మళ్ళీ ఎందుకొచ్చావు?"

దారిలో ఓదార్పు మాటలు చాలా కూడగట్టుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. "ఎనిమిది ఉన్ని ముక్కలు ఊడిపోయాయి బాబాయ్. మాకు అంటించడం రావట్లేదు. టైలరు అన్నయ్య ఒకటి అంటించాడు, దాంతోపాటు చొక్కా చెయ్యి కూడా అంటించుకున్నాడు."

బాబాయి పెదవి చివర కదిలింది. "చొక్కా ఊడిందా?"

"కత్తిరించాల్సి వచ్చింది."

లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ముక్కలు అంటించి వచ్చేస్తాను" అని పిన్నితో అన్నాడు. "అంతే."

"అంతేలెండి" అంది పిన్ని, అప్పటికే ఫ్లాస్కు నింపుతూ.

ఆ పూటంతా ఇద్దరం ఏడో వరుసలోనే ఉన్నాం. ఆయన చెప్పినట్టు వేడినీళ్ళు, సబ్బు పెట్టి నేను జిడ్డు కడిగాను. ఆయన గరుకు కాగితంతో చెక్క రుద్ది, జిగురు రాసి, ఉన్ని ముక్క పెట్టి, ఇటుకలతో బరువు పెట్టాడు. నాలుగో సీటు దగ్గర నాకు నడుము నొప్పి పుట్టి, పక్కన ఆరిపోయిన సీట్లో కూలబడ్డాను. బాబాయి లేవబోతూ ఆసరాకి నా సీటు వెనక చెక్క మీద అరచెయ్యి ఆనించాడు.

ఆనించిన చెయ్యి తియ్యలేదు.

"లే" అన్నాడు.

లేచాను.

"కూర్చో."

కూర్చున్నాను. నా కింద మడతబందు సన్నగా కిర్రుమంది.

"మళ్ళీ లే. నెమ్మదిగా. ఆఁ... ఎడమ వైపు బందు. లోపలి మేకు వదులైంది."

"వినిపించిందా బాబాయ్?" అన్నాను.

"లేదమ్మా. చేతికి తెలిసింది." తన అరచేతిని తిప్పి తిప్పి, కొత్తది ఎవరో ఇచ్చినట్టు చూసుకున్నాడు. "మా షెడ్డులో రోజంతా సమ్మెటల మోత. పక్కవాడు అరిచినా వినపడేది కాదు. అక్కడ సీటు కిర్రు ఎవరు విన్నారు గనక? ఒకడు సీటెక్కి ఊగేవాడు, ఇంకొకడు వెనక చెయ్యి పెట్టి చూసేవాడు. ముప్ఫై నాలుగేళ్ళు నేను చేసిన పని అదే. ఇక్కడికొచ్చి ఈ నిశ్శబ్దం చూసి, చెవి రుచి మరిగి, చేతిని మర్చిపోయాను."

నేను వెంటనే లేచి పక్క సీట్లో కూర్చున్నాను. చెయ్యి పెట్టాడు. ఇది మంచిదన్నాడు. నిజంగానే మంచిది. ఇంకోటి. అది కుడి వైపు కిర్రుమంటోందన్నాడు. అదీ నిజమే. పరుగు పరుగున పదహారో వరుస దాకా వెళ్ళి నాకు కీచుమని వినిపించిన సీటొకటి చూపించాను. చూడకుండా, తల అటు తిప్పుకుని, చేత్తోనే ఏ మేకో చెప్పాడు. అప్పుడు నవ్వాడు చూడండి, అది నవ్వు. నేను మనసులోనే చేతులు జోడించుకున్నాను.

మధ్యాహ్నానికి ఎనిమిది ముక్కలూ ఆరాయి. బాబాయి టీ పోసి మూత నాకిచ్చి, తను ఫ్లాస్కుతోనే తాగాడు. నేను తాళంచెవి తీసి మా ఇద్దరి మధ్య సీటు చేతి మీద పెట్టాను. దాని వంక చూశాడు, కానీ తీసుకోలేదు.

"ఒక చిక్కుంది అమ్మాయ్. చెయ్యి వెనక పెట్టాలంటే ముందర ఒకరు కూర్చోవాలి. నేనే కూర్చుని నేనే వెనక నిలబడలేను. మీ పిన్నిని అడుగుదామంటే పొద్దున్నే ఆవిడకి క్షణం తీరదు. టైలరు గాలికి ఎగిరిపోయేలా ఉంటాడు, వాడు కూర్చుంటే సీటుకి తెలియదు. మనిషి కాస్త..." అని ఆగాడు.

"బరువుండాలి, అంతేనా?" అన్నాను.

"నిండుగా ఉండాలి అంటున్నాను" అని సర్దుకున్నాడు. తరవాత తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎవరినీ ఏదీ అడిగి అలవాటు లేని మనిషి, ఎదురుగా ఉన్న తెర వంక చూస్తూ అడిగాడు.

"తొంభై ఆరు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. రోజూ పొద్దున ఆరింటికి ఒక్క పది నిమిషాలు వచ్చి కూర్చుంటావా అమ్మాయ్? ఆ నూనె సీసా మాత్రం ఇంట్లోనే ఉంచి రా."